హెచ్.ఐ.వి. పరీక్ష: ఎప్పుడు చేయించవలెను? ఫలితమును ఎంతవరకు నమ్మవలెను?

గ్రామ పంచాయతీ సభ్యుడనగా వీధి దీపములు, మంచినీటి కుళాయిలు, ఇంటి పన్నులు మాత్రమే చూచువాడు కాడు. ఊరిలో ఎవరికి ఏ కష్టము వచ్చినను మొదట తట్టు తలుపు ఆయన ఇంటిదే. ఆసుపత్రినుండి ఒక కాగితము చేతికి వచ్చి, దాని అర్థము తెలియక, ఇంటిలో చెప్పుకొనలేక, చీకటి పడిన తరువాత వచ్చి, "ఇందులో ఏమున్నదో కాస్త చూచి చెప్పండి" అని అడుగువారు ప్రతి గ్రామమునను ఉందురు.

అట్టి కాగితములలో హెచ్.ఐ.వి. పరీక్షా ఫలితము ఒకటి. దానిని తప్పుగా చదివినచో రెండు విధములుగ నష్టము కలుగును. వ్యాధి సోకినవాడు తనకేమియు లేదని నమ్మి, తెలియకయే భార్యకు అంటింపవచ్చును. వ్యాధి లేనివారు ఉన్నదని భ్రమపడి కుమిలిపోవచ్చును, ఇల్లు విడువవచ్చును, అంతకంటె ఘోరమైన పనికిని తలపడవచ్చును. ఈ రెండు నష్టములను తప్పించుటకు గొప్ప వైద్యవిద్య అవసరము లేదు. కాగితము చేత బట్టుకొని రెండు ప్రశ్నలు వేసికొన్న చాలును. మొదటిది: ప్రమాదము జరిగిన ఎన్ని దినములకు ఈ పరీక్ష చేసిరి? రెండవది: ఎన్ని పరీక్షలు చేసి ఈ మాట చెప్పిరి? ఈ రెండు ప్రశ్నలు ఏల ముఖ్యమైనవో ఈ పాఠమున వివరించెదము.

పరీక్ష దేనిని వెదకును?

ఎయిడ్స్ వ్యాధిని ప్రపంచము మొదట గుర్తించినది 1981లో, అమెరికా సంయుక్త రాష్ట్రములలో. దానికి కారణమైన వైరసును 1983లో ఫ్రాన్సు దేశమందలి పాశ్చరు సంస్థ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1985లో రక్తపరీక్ష వాడుకలోనికి వచ్చినది. మరుసటి సంవత్సరమే, అనగా 1986లో, మద్రాసు నగరమున డాక్టరు సునీతి సోలమన్ పర్యవేక్షణలో డాక్టరు సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాలలో మన దేశమున మొట్టమొదటిసారిగ ఈ వైరసు సోకిన జాడ బయటపడినది.

ఈ వైరసు మన శరీరమును రోగములనుండి కాపాడు తెల్ల రక్తకణములలో ఒక ముఖ్యమైన జాతిని పట్టుకొని క్రమముగ నశింపజేయును. అది వ్యాపించు మార్గములు నాలుగు: రక్షణ లేని లైంగిక సంపర్కము, వైరసు గల రక్తమును ఎక్కించుట, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడుట, తల్లినుండి బిడ్డకు సోకుట. ఒకే కంచమున భుజించుట వలనగాని, ఒకే బావి నీరు త్రాగుట వలనగాని, చేయి పట్టుకొనుట వలనగాని, దోమకాటు వలనగాని ఇది రాదు.

సోకిన మనిషి అనేక సంవత్సరములు పైకి ఆరోగ్యముగనే కనబడును. పొలము దున్నును; కూలికి పోవును. కనుక మనిషిని చూచి వ్యాధి ఉన్నదనిగాని లేదనిగాని చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. పరీక్ష ఒక్కటే మార్గము.

అయితే మన ఊళ్ళలో సాధారణముగ జరుగు పరీక్ష వైరసును నేరుగ వెదకదు. వైరసు ప్రవేశించిన పిమ్మట దానిని ఎదుర్కొనుటకు శరీరము కొన్ని పదార్థములను తయారుచేసికొనును. వీనిని ప్రతిరక్షకములందురు, వైద్యులు యాంటీబాడీలని పిలుతురు. సాధారణ పరీక్ష ఈ ప్రతిరక్షకములను వెదకును. దొంగ దొరకకున్నను వాని అడుగుజాడలు కనుగొనుట వంటిదిది. అడుగుజాడలు పడుటకు కొంత కాలము పట్టును. పాఠములోని మొదటి సగమంతయు ఈ ఒక్క మాటలోనే యున్నది.

మొలక రాని కాలము

రైతు నేడు విత్తనము చల్లి రేపు ఉదయము చేనికి పోయి చూచినచో నేలపై ఏమియు కనబడదు. అంతమాత్రమున విత్తనము పడలేదని అనునా? మొలక పైకి వచ్చుటకు కొన్ని దినములు పట్టునని ఆయనకు తెలియును. హెచ్.ఐ.వి. విషయమునను ఇట్లే. వైరసు శరీరమున ప్రవేశించిన దినమునకును, పరీక్షలో దాని జాడ కనబడు దినమునకును నడుమ కొంత ఎడము కలదు. ఈ ఎడమునే వైద్యులు విండో పీరియడ్ అందురు.

ఈ కాలము అందరికిని ఒక్కటి కాదు. అన్ని పరీక్షలకును ఒక్కటి కాదు. అమెరికా రోగ నియంత్రణ సంస్థ తెలిపిన లెక్క ప్రకారము పరీక్షల తీరు ఇట్లున్నది.

ప్రతిరక్షకములను మాత్రమే వెదకు పరీక్ష, అనగా వ్రేలికొన గ్రుచ్చి తీసిన చుక్కతో చేయు తక్షణ పరీక్షలలో ఎక్కువ భాగము, వైరసు సోకిన 23 నుండి 90 దినములలో జాడ పట్టును.

ప్రతిరక్షకములతోపాటు వైరసునకే చెందిన పి24 అను మాంసకృత్తును కూడ వెదకు పరీక్ష మరియొకటి కలదు. నరమునుండి తీసిన రక్తముతో ప్రయోగశాలలో చేసినచో అది 18 నుండి 45 దినములలో జాడ పట్టును.

వైరసు జన్యు పదార్థమునే నేరుగ వెదకు పరీక్ష 10 నుండి 33 దినములలో జాడ పట్టును. ఇది ఖర్చుతో కూడినది. అన్ని చోట్లను దొరకదు.

ఈ లెక్కలనుండి మనము గ్రహింపవలసిన దేమనగా, ప్రమాదము జరిగిన మరునాడు గాని, వారమునకు గాని సోకినదో లేదో తేల్చగల పరీక్ష ప్రపంచమున ఎక్కడను లేదు. వారము దినములకే పరీక్ష చేయించి "లేదు" అను కాగితము తెచ్చుకొన్నవాడు, తనకు మునుపటినుండి లేదని మాత్రమే తెలిసికొన్నాడు. వారము క్రిందటి సంగతి ఆ కాగితమునకు తెలియదు.

ఇందు మరియొక ప్రమాదము దాగియున్నది. సోకిన తొలి వారములలో రక్తమున వైరసు మిక్కిలి అధికముగ నుండును. ఆ కాలముననే ఇతరులకు అంటుకొను అవకాశము హెచ్చు. ఆ కాలముననే పరీక్ష "లేదు" అని చెప్పును. కొందరికి ఆ దినములలో జ్వరము, గొంతునొప్పి, ఒంటిపై దద్దురులు వచ్చి వాటంతటవే తగ్గిపోవును. కొందరికి ఏమియు తెలియనే తెలియదు. కనుక త్వరపడి తెచ్చుకొన్న కాగితము, ఏ కాగితమును లేకుండుటకంటెను ఎక్కువ కీడు చేయగలదు.

తేదీల లెక్క

లెక్కను ఒక ఉదాహరణముతో చూతము. పనికై పట్నము పోయిన యువకుడొకడు జనవరి 1వ తేదీన ప్రమాదమునకు లోనయ్యెననుకొందము. అతడు ఏమి చేయవలెను?

మొట్టమొదట చేయవలసినది పరీక్ష కాదు, మందు. ప్రమాదము జరిగిన 72 గంటలలోపల, ఎంత త్వరగా వీలైన అంత త్వరగా ప్రభుత్వాసుపత్రిలోని వైద్యుని కలిసికొన్నచో, అవసరమని తోచిన యెడల 28 దినములు వాడవలసిన నివారణ మందు నిచ్చెదరు. వైరసు పాతుకొనకుండ ఆపుటకు అది ఉపకరించును. 72 గంటలు గడచిన తరువాత ఆ అవకాశము చేజారిపోవును. ఇది తెలియక ఊరుకొనువారే ఎక్కువ. ఈ మందు వాడినవారికి పరీక్ష తేదీలు మారును గనుక వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను.

మందు వాడనివానికి లెక్క ఇట్లుండును. జనవరి 10న చేసిన పరీక్షలో "లేదు" అని వచ్చిన దానిని ఆరంభపు గుర్తుగ మాత్రమే ఉంచుకొనవలెను. పి24ను కూడ వెదకు ప్రయోగశాల పరీక్ష ఫిబ్రవరి 15న, అనగా 45 దినములు గడచిన పిమ్మట, చేయించి "లేదు" అని వచ్చినచో దానిని చాలవరకు నమ్మవచ్చును. ఏ రకపు పరీక్ష చేసిరో తెలియనప్పుడు, లేక వ్రేలికొన పరీక్షయే దొరకునప్పుడు, ఏప్రిల్ 1వ తేదీ వరకు, అనగా 90 దినములు ఆగి మరల చేయించుకొనవలెను. ఆ దినమున "లేదు" అని వచ్చినచో, జనవరి 1 నాటి భయమును విడిచిపెట్టవచ్చును.

కాని ఒక నియమము మరువరాదు. ఈ నడుమ మరల ప్రమాదము జరిగియుండరాదు. జరిగినచో లెక్క ఆ కడపటి దినమునుండి క్రొత్తగ మొదలగును. ఈ మూడు నెలలును అతడు భార్యతో కండోము లేకుండ కలియరాదు, రక్తదానము చేయరాదు.

వివాహము నిశ్చయించు పెద్దలకును ఈ లెక్క తెలిసియుండవలెను. ఇరుపక్షముల సమ్మతితో వధూవరులు పరీక్ష చేయించుకొనుట మంచిదే. కాని అది గడచిన మూడు నెలల సంగతి చెప్పలేదు. రాబోవు కాలమునకు పూచీ పడలేదు. కాగితము నిజాయితీకి మారు కాదు.

ఒక్క పరీక్షతో తీర్పు ఏల చెప్పరు?

ఇంతవరకు "లేదు" అను మాటను గూర్చి చెప్పితిమి. ఇక "ఉన్నది" అను మాటను గూర్చి చూతము. గ్రామమున ఎక్కువ అన్యాయము జరుగునది ఇచ్చటనే.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునను, ఉపకేంద్రమునను గర్భిణులకును ఇతరులకును వ్రేలికొన గ్రుచ్చి ఒక్క పరీక్ష చేయుదురు. కిట్టుపై రెండవ గీత కనబడినచో "రియాక్టివ్" అని వ్రాసి, సమగ్ర సలహా, పరీక్షా కేంద్రమునకు పంపుదురు. దీనినే ఐ.సి.టి.సి. అని పిలుతురు. "రియాక్టివ్" అనగా "ఇంకను పరీక్షింపవలెను" అని మాత్రమే అర్థము. అది "పాజిటివ్" కాదు. వ్యాధి ఉన్నదని తీర్పు కాదు.

ఎందుకనగా మొదటి పరీక్షను వలవలె సిద్ధపరచిరి. చెరువులో వల వేయువాడు ఒక్క చేపయు తప్పించుకొనరాదని సన్నని కన్నుల వల వేయును. చేపలతోపాటు నాచు, ఆకులు, పుల్లలు కూడ వచ్చును. ఒడ్డుకు లాగిన పిమ్మట ఏరవలెను. మొదటి పరీక్ష లాగును. తరువాతి పరీక్షలు ఏరును. వేరొక కారణమున రక్తమున పుట్టిన ప్రతిరక్షకములను చూచి మొదటి పరీక్ష ఒక్కొక్కప్పుడు పొరబడును. కిట్టు గడువు తీరినను, ఎండలో ఉంచినను, చెప్పిన సమయము దాటిన పిమ్మట గీతను చూచినను, నమూనాల పేర్లు తారుమారైనను తప్పు దొరలును. సరిచూచు గీత కనబడని కిట్టు ఫలితము ఏదైనను చెల్లదు.

అంకెలతో చెప్పినచో ఈ విషయము ఇంకను స్పష్టపడును. పదివేల మంది పెద్దలకు పరీక్ష చేసిరనుకొందము. మన దేశమున పెద్దలలో వెయ్యికి సుమారు ఇద్దరికి ఈ వైరసు సోకియున్నదని జాతీయ అంచనా. ఆ లెక్కన పదివేలలో 20 మంది ఉందురు. పరీక్ష చాల మంచిది. సోకినవారిలో ఒక్కరిని కూడ విడువదనుకొందము. సోకనివారి విషయమున వెయ్యికి ఐదుగురి యందు మాత్రమే పొరబడుననుకొందము. ఇది చాల స్వల్పమైన తప్పువలె తోచును గదా! కాని సోకనివారు 9,980 మంది. వెయ్యికి ఐదు చొప్పున సుమారు 50 మందిని పరీక్ష పొరపాటున చూపును. అనగా మొత్తము 70 మంది కిట్లపై రెండవ గీత కనబడును. అందులో నిజముగ సోకినవారు 20 మందియే. తక్కిన 50 మందికి ఏమియు లేదు.

ఈ 70 మంది పేర్లు ఆ సాయంత్రమే ఊరిలో ప్రాకినచో ఏమగునో సభ్యులు ఆలోచింపవలెను. ఏబది కుటుంబములు నిష్కారణముగ కూలిపోవును. నిజముగ సోకిన ఇరువది మందికి మాత్రము అట్టి గతి న్యాయమా? వారికిని కాదు. వారు దోషులు కారు, వ్యాధిగ్రస్తులు.

ఇప్పుడు ఆ 70 మందికి వేరొక పద్ధతిపై తయారైన రెండవ కిట్టుతో పరీక్ష చేసినచో, పొరపాటున చిక్కిన 50 మందిలో ఒక్కరైన మిగులుట అరుదు. మూడవ పరీక్షతో ఆ సందేహము కూడ దాదాపు తీరిపోవును. అందువలననే మన దేశమున జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నియమముల ప్రకారము, రోగలక్షణములు లేని మనిషికి మూడు వేర్వేరు పరీక్షలును "ఉన్నది" అని చెప్పిననే గాని "పాజిటివ్" అను మాట కాగితముపై వ్రాయరు. ఈ సంస్థ 1992లో ఏర్పడినది.

ఒక పరీక్ష ఉన్నదనియు మరియొకటి లేదనియు చెప్పినచో ఫలితము తేలలేదని వ్రాసి, రెండు వారములైన గడచిన పిమ్మట మరల రమ్మందురు. ఇది వైద్యుల అశక్తత కాదు, జాగ్రత్త. అట్టివారిని ధైర్యము చెప్పి మరల పంపుట సభ్యుని పని.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఈ వ్యాధి సోకినవారి పాలు దేశపు సగటుకంటె హెచ్చు. కనుక పరీక్షలు ఎక్కువగ జరుగవలసిన ప్రాంతములు మనవి. నోరు అదుపున ఉంచుకొనవలసిన ప్రాంతములును మనవే.

పసిబిడ్డ విషయము

తల్లికి వైరసు ఉన్నచో, ఆమె రక్తములోని ప్రతిరక్షకములు గర్భమునందలి శిశువునకు చేరును. అవి పుట్టిన తరువాత కూడ బిడ్డ ఒంటిలో పదునెనిమిది నెలల వరకు ఉండవచ్చును. ఆ లోపల సాధారణ పరీక్ష చేసినచో బిడ్డకు సోకకున్నను "ఉన్నది" అనియే చూపును. అది తల్లి అడుగుజాడయే గాని బిడ్డది కాదు.

కనుక అట్టి బిడ్డకు ఆరవ వారమున మడమనుండి కొన్ని చుక్కల రక్తము తీసి, ప్రత్యేకమైన కాగితముపై ఆరబెట్టి, వైరసునే నేరుగ వెదకు ప్రయోగశాలకు పంపుదురు. ఆ పిమ్మటను వైద్యులు చెప్పిన నెలలలో పరీక్షలు సాగును. కడపటి నిర్ణయము పదునెనిమిది నెలల వయసున జరుగును. అంతవరకు "ఈ బిడ్డకు ఉన్నది" అని అంగన్వాడీలోగాని అరుగుల మీదగాని అనుట అజ్ఞానము.

ఏ చికిత్సయు లేనిచో ఇట్టి తల్లులకు కలుగు నూరుగురు బిడ్డలలో 15 నుండి 45 మందికి వైరసు సోకవచ్చును. తల్లి సకాలమున మందులు వాడి, బిడ్డకును ఇచ్చినచో అది నూటికి ఐదుకంటె తక్కువకు దిగును. గర్భిణి తొలి నెలలలోనే పరీక్ష చేయించుకొనుట ఏల అవసరమో ఈ అంకెలే చెప్పుచున్నవి.

మందులు వాడువారి కాగితము

మూడు పరీక్షలతో వ్యాధి ఉన్నదని తేలినవారికి ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రములలో మందులు ఉచితముగ లభించును. ఈ ఉచిత చికిత్స 2004 ఏప్రిల్ 1న ప్రారంభమైనది. 2017నుండి వ్యాధి ఏ దశలో నున్నను, తేలిన వెంటనే మందు మొదలు పెట్టుచున్నారు. క్రమముగ వాడువారు సాధారణమైన ఆయుస్సుతో జీవింపగలరు.

వీరికి అప్పుడప్పుడు రక్తమున వైరసు ఎంత యున్నదో కొలుతురు. ఆ కాగితముపై "కనబడలేదు" అని రావచ్చును. అప్పుడు వారి వలన లైంగికముగ ఇతరులకు సోకదు. ఇది మిక్కిలి శుభవార్త. కాని దానిని "వ్యాధి పోయినది" అని చదువరాదు. మందు వైరసును అణచియుంచినది, తుడిచివేయలేదు. మందు మానినచో అది మరల లేచును. "ఫలితము లేదని వచ్చినది గదా, మందెందుకు?" అని మానివేయువారిని, ఆకుపసరుతో నయము చేసితిమని చెప్పువారిని నమ్మువారిని వారించుట సభ్యుల ధర్మము.

రక్తదానము పరీక్షకు మార్గము కాదు

కొందరు సిగ్గుపడి పరీక్షా కేంద్రమునకు పోక, "రక్తదానము చేసిన వారే పరీక్షింతురు గదా" అని తలంతురు. ఇది మహాపరాధము వంటి పొరపాటు. దానము చేసిన ప్రతి రక్తమును పరీక్షించుట నిజమే. కాని దాత మొలక రాని కాలమున నున్నచో ఆ పరీక్షకును వైరసు చిక్కకపోవచ్చును. ఆ రక్తము ప్రసవములోనున్న తల్లికో, ప్రమాదమున గాయపడిన పిల్లవానికో ఎక్కును. గ్రామమున రక్తదాన శిబిరము జరుపునప్పుడు సభ్యులు ముందుగ ఈ మాట చాటింపవలెను: అనుమానమున్నవారు పరీక్షా కేంద్రమునకు పొండు, దానమునకు రావలదు. ఎవరైన దానము చేయక వెనుకకు తగ్గినచో కారణ మడుగరాదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టమును పార్లమెంటు 2017లో చేసినది; అది 2018 సెప్టెంబరు 10నుండి అమలులోనికి వచ్చినది. సభ్యులు ఎరుగవలసిన సంగతులు కొన్ని కలవు.

మనిషి సమ్మతి లేకుండ ఈ పరీక్ష చేయరాదు. పరీక్షకు ముందును తరువాతను సలహా చెప్పవలెను. చట్టము తెలిపిన కొన్ని సందర్భములు తప్ప, ఒకరి ఫలితమును చెప్పుమని మరొకరు బలవంతపెట్టరాదు. ఉద్యోగమునందు, పాఠశాలయందు, వైద్యమునందు, అద్దె యింటి విషయమున, బావులు, దుకాణములవంటి అందరు వాడు వసతులయందు వివక్ష చూపరాదు. ఈ వ్యాధిగ్రస్తులపై ద్వేషము రేపు మాటలు ప్రచారము చేసినచో మూడు నెలలకు తక్కువ కాకుండ రెండు సంవత్సరముల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

కనుక "ఊరిలో అందరికిని పరీక్ష చేయించి జాబితా ఇండు" అని పంచాయతీ తీర్మానము చేయుటకు వీలు లేదు. వలస పోయి వచ్చినవారిని మాత్రము పట్టి పరీక్షింపుమనుటకును వీలు లేదు. అట్టి తీర్మానము చట్టవిరుద్ధము మాత్రమే కాదు, నిష్ప్రయోజనము కూడ. భయపడినవాడు పరీక్షకు రాడు, రానివాడు తెలిసికొనడు, తెలియనివాడు అంటించును.

సభ్యుడు చేయవలసినది

మరల మొదటి దృశ్యమునకు వత్తము. చీకటి పడినది. ఒక మనిషి కాగితముతో వచ్చి కూర్చున్నాడు. సభ్యుడు తలుపు దగ్గరకు వేసి, మంచినీళ్ళిచ్చి, ఎవరితో, ఎక్కడ అని ఆరాలు తీయక, రెండే ప్రశ్నలు వేయవలెను.

కాగితముపై "లేదు" అని యున్నచో, "భయము కలిగిన దినమునుండి ఎన్నాళ్ళకు చేయించితివి నాయనా?" అని అడుగవలెను. తొంబది దినములు నిండనిచో తేదీ లెక్క వేసి ఇచ్చి, అంతవరకు పాటింపవలసిన జాగ్రత్తలు చెప్పి, ఆ తేదీకి మరల పొమ్మనవలెను. మూడు దినములు నిండకున్నచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పంపవలెను.

"రియాక్టివ్" అని యున్నచో, "ఇది ఒక్క పరీక్షయా, మూడును అయినవా?" అని అడుగవలెను. ఒక్కటే అయినచో, ఇది ఇంకను తీర్పు కాదని ధైర్యము చెప్పి, మరునాడే సలహా, పరీక్షా కేంద్రమునకు పంపవలెను. ఆ మనిషి కోరినచో తోడు పోవలెను. మూడును అయి "పాజిటివ్" అని తేలినచో, మరియొక పట్టణము, మరియొక ప్రయోగశాల అని తిరిగి ధనమును కాలమును పోగొట్టుకొనక, ఏ.ఆర్.టి. కేంద్రమున మందు మొదలు పెట్టించవలెను. భార్యకు లేక భర్తకు చెప్పు విషయమున కేంద్రమునందలి సలహాదారు సహాయము చేయుదురు. ఆ పని మనది కాదు. రహస్యముగ మాటలాడ గోరువారు 1097 అను ఉచిత టెలిఫోను నెంబరునకు పిలువవచ్చును.

అటుపిమ్మట సభ్యుడు చేయవలసిన పని ఒక్కటే మిగులును. విన్నదానిని మరచిపోవలెను. ఇంటిలో భార్యతోనైనను అనరాదు. పంచాయతీ సమావేశమున "పేరు చెప్పను గాని" అని మొదలుపెట్టరాదు. గ్రామములో పేరు చెప్పకున్నను మనిషి తెలియును.

సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. ప్రమాదము జరిగిన పది దినములకు "లేదు" అని వచ్చిన ఫలితమును నమ్మవచ్చునా? ఏల?
2. "రియాక్టివ్", "పాజిటివ్" అను మాటలకు భేదమేమి?
3. ఏడాది నిండని బిడ్డకు సాధారణ పరీక్ష ఏల పనికిరాదు?
4. మన గ్రామమునకు సమీపమున నున్న సలహా, పరీక్షా కేంద్రము ఏది? అచ్చటికి పోవు బస్సు వేళలు ఏవి?
5. 72 గంటలలోపల మందు లభించు ఆసుపత్రి మనకు ఏది?

కడపటి రెండు ప్రశ్నలకు ఉత్తరము ఈ పత్రికలో దొరకదు. ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడిగి తెలిసికొని, పంచాయతీ కార్యాలయపు గోడపై అందరికిని కనబడునట్లు వ్రాయించవలెను. గోడపై ఉండవలసినవి కేంద్రపు పేరు, బస్సు వేళ. మనుష్యుల పేర్లు ఏ గోడపైనను, ఏ నోటను ఉండరాదు.